మొహమాటం పోయిన ఊరు

“ఇప్పుడు చెప్పండి మేష్టారూ, ఉప్మా ఎలా ఉంది?”

“ఉప్పు ఎక్కువైందమ్మా. ఉండలు కూడా కట్టింది. ఇందాక బాగుందన్నది మీరు బాధపడతారని.”

డాక్టర్ హైమవతి చప్పట్లు కొట్టింది. తన వంటని తిడితే అంత సంబరపడ్డ మనిషిని రాజమండ్రిలో ఎవరూ చూసి ఉండరు. మరి ఏళ్ళ తరబడి పడ్డ కష్టం ఫలించింది కదండీ.

రిటైరైన డ్రిల్లు మేష్టారు బుల్లబ్బాయి గారి చెవి వెనక ఆవిడ తగిలించింది చింతగింజంత క్లిప్పు. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని మనం మాట మింగేసేటప్పుడు మెదడులో ఒక మూల సిగ్నల్స్ పుడతాయి. క్లిప్పు సన్నటి కరెంటు పంపి ఆ మూలని జోకొడుతుంది. అంతే, మొహమాటం మాయం. మనసులో ఏముంటే నోట్లో అదే.

“ఇకనైనా జనం తమకి నచ్చినట్టు బతుకుతారు,” అంది హైమవతి. ఏడాది తిరక్కుండా ఊళ్ళో సగం చెవులకి క్లిప్పులెక్కాయి.

అంతకుముందు రోజులు గుర్తున్నాయా మీకు? చుట్టం చాలు చాలంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టడం, ఆ వేళ్ళ సందుల్లోంచే మనం నెయ్యి ఒంపెయ్యడం. ఇప్పుడు చాలంటే చాలే, నెయ్యిగిన్నె వెనక్కెళ్ళిపోతుంది. ఆ అబద్ధాల భోజనాలు తలుచుకుంటే నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది.

సరే, మేష్టారి సంగతికొద్దాం. ఆయనా, ఆయన నేస్తం పేర్రాజూ కుర్రతనం నుంచి ప్రతి ఆదివారం ధవళేశ్వరం లాకుల దగ్గర గాలం వేసేవారు. మేష్టారి ధర్మమా అని పేర్రాజుకీ ఒక శనివారం క్లిప్పు దొరికింది. మర్నాడు మేష్టారు ఎర గుచ్చుతూ ఆగిపోయారు.

“ఒరే పేర్రాజూ, ఈ వానపాముల్ని ముట్టుకోవడం నాకు పరమ అసహ్యంరా. నీకిష్టమని వస్తున్నాను.”

“నాకూ అసహ్యమేరా. నీకిష్టమని నేనొస్తున్నాను.”

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. గాలాలు కాలవలో పారేసి ఇళ్ళకి పోయారు.

మరుసటి ఆదివారం కలవడానికి పనేమీ లేకపోయింది. ఆ తర్వాతదీ అంతే. కొన్నాళ్ళకి మేష్టారు ఉండబట్టలేక పేర్రాజు గుమ్మం ఎక్కారు.

“ఏరా, ఏం పనిమీదొచ్చావ్?”

“పనేం లేదు. నిన్ను చూడాలనిపించింది.”

“చూశావుగా. నాకు నిద్రొస్తోంది, వెళ్ళిరా.”

కోపం లేదండీ ఆ మాటలో. ఉన్నమాటే. అందుకే అంత నొప్పి పుట్టింది.

మేష్టారు తిన్నగా హైమవతి ల్యాబుకొచ్చి క్లిప్పు పీకి బల్ల మీద పెట్టారు. “నాది తీసేశానమ్మా. వాడిది తీయించడం ఎలా?”

“ఆయనకి తియ్యాలని ఉండాలి కదండీ.”

“వాడికి హాయిగా ఉందట. చేపల మీద ఇష్టం లేకపోయినా వాడి పక్కన కూర్చునేవాణ్ణి తల్లీ. ఇప్పుడు ఆదివారం వస్తే ఎక్కడికి పోవాలో తెలీట్లేదు.”

హైమవతి ఆ క్లిప్పుని తీసి సొరుగులో పడేసింది. ఊరందరికీ క్లిప్పులు పెట్టిన ఆవిడ తను మాత్రం పెట్టుకోలేదు లెండి.

“మేష్టారూ, నాకు చిన్నప్పట్నుంచీ గాలం వెయ్యడమంటే పిచ్చి. నేర్పేవాళ్ళే దొరకలేదు. ఈ ఆదివారం తీసుకెళ్తారా?”

మేష్టారు ఆవిడ మొహంలోకి చూశారు. జన్మలో వానపాముని ముట్టుకున్న మనిషి కాదని తెలుస్తూనే ఉంది.

“దానికేం భాగ్యం తల్లీ. నాకూ గాలమంటే ప్రాణం,” అన్నారు.

ఆదివారం లాకుల దగ్గర ఇద్దరూ మొహాలు పక్కకి తిప్పుకుని ఎర గుచ్చారు. ఒక్క చేపా పడలేదు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ, “ఎంత బాగుందో మేష్టారూ, వచ్చే వారం కూడా వద్దాం,” అంది మొహమాటాన్ని ఊళ్ళోంచి తరిమేసిన డాక్టరమ్మ.