లోవరాజు వేళ్ళు

గొలుగొండ రోడ్డులో సింగన్న గానుగ ఉంది చూశారూ… చీకటి పడ్డాక అటు వెళ్ళాల్సొస్తే మావాళ్ళు హారన్ మీద చెయ్యి తియ్యకుండా వెళ్ళిపోతారు. బండి ఆపరు. వెనక్కి తిరిగి చూడరు. షెడ్డు పక్కన చెరకు పిప్పి కుప్పలో ఎవరో గరగరా తవ్వుతారట. తవ్వుతూ తవ్వుతూ — "ఏలు… ఏలు…" అని మూలుగుతారట.

ఎవరో ఏమిటి, లోవరాజే అని ఊరంతా తేల్చేసింది. గానుగలో చెరకు పెడుతూ చిన్న కునుకు పట్టి, కుడిచెయ్యి మోచేతిదాకా రోలర్ల మధ్యకి ఇచ్చేసిన కుర్రాడు. పెళ్ళి కూడా కాలేదు పాపం. నర్సీపట్నం ఆస్పత్రిలో కట్టు కట్టి వైజాగ్ పంపిస్తే, అనకాపల్లి చేరకుండానే ప్రాణం పోయింది. వేళ్ళు గానుగలోనే తెగి పడిపోయాయని, అవి లేకుండా కాల్చేశారు కాబట్టే వాడికి దారి దొరకలేదని చెప్పుకున్నారు. సింగన్న హడలిపోయి గానుగ మూసేశాడు.

ఈ మాట విన్నప్పుడల్లా రాచెల్‌కి ఒళ్ళు మండేది.

రాచెల్ ఆ ఆస్పత్రిలోనే కోడింగ్ చేస్తుంది. కోడింగ్ అనగానే సాఫ్ట్‌వేర్ అనుకుని వాళ్ళమ్మ చర్చిలో అందరికీ చాటింపు వేసింది గానీ, అది కాదు. డాక్టరు రాసిన దెబ్బని ఒక అక్షరం, కొన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్లో ఎక్కించడం. చెయ్యి అంటే చాలదు. కుడిచెయ్యా, ఎడమచెయ్యా? ఏ వేలు? తెగిందా, నలిగిందా? తెగినదానికి ఒక కోడు, నలిగినదానికి ఇంకోటి. ఒకదాని చోట ఇంకోటి పడితే బిల్లు రాకుండా కేసు వెనక్కి వచ్చేస్తుంది. రోజంతా చేతుల ఫొటోలే చూసీ చూసీ, ఇప్పుడావిడ టీ ఇచ్చిన మనిషి మొహం కూడా చూడదు, వేళ్ళు చూస్తుంది.

లోవరాజు చేతిని కూడా తనే ఎక్కించింది. కంగారులో డ్యూటీ డాక్టరు వేళ్ళు తెగిపోయినట్టు రాసేశాడు. ఫొటో చూస్తే ఆవిడకి అనుమానం వచ్చింది. ఫోన్ చేసి అడిగితే — "లేదమ్మా, అయిదూ ఉన్నాయి. నుజ్జయిపోయాయంతే," అన్నాడాయన. తెగిన కోడు తీసేసి నలిగిన కోడు పెట్టింది. ఆ పూట అన్నం సహించలేదు.

మరి ఉన్న వేళ్ళ కోసం దెయ్యం ఎందుకు వెతుకుతుందీ? తన వేళ్ళు తనకి ఉన్నాయో లేవో దెయ్యానికి తెలీదా? ఇదీ రాచెల్ కోపం.

కోపం పగటిపూట బాగానే ఉంటుంది. నెలాఖరు పని తెమలక, ఆ రోజు స్కూటీ మీద ఇంటికి బయల్దేరేసరికే చీకటి పడిపోయింది. మంచు దిగుతోంది. ముందూ వెనకా ఇంకో బండి లేదు.

గానుగ దగ్గరికి వచ్చింది…

గరగరమని చప్పుడు.

రాచెల్ బండి ఆపింది. మళ్ళీ — పిప్పిని రెండు చేతులతో తోడుతున్నట్టు. ఆ వెనకే సన్నగా, గొంతు పోయిన మనిషి ఏడుపు. "ఏలు… నా బాబు ఏలు…"

రాచెల్ వాళ్ళమ్మ నేర్పిన ప్రార్థన మొదలుపెట్టింది గానీ రెండో మాట గుర్తు రాలేదు. పారిపోదామనే అనుకుంది. కానీ 'నా బాబు' అని ఏ దెయ్యం అంటుంది? బండి హ్యాండిల్ అటు తిప్పింది. లైటు వెళ్ళి కుప్ప మీద పడింది.

తలనిండా పిప్పి. మోకాళ్ళదాకా పిప్పి. చేతులు మోచేతులదాకా కుప్పలో దూర్చి — ఒక ముసలామె.

"ఎవులమ్మా? ఆ లైటు ఇటే ఉంచు తల్లీ. నీకు పున్నెముంటది."

అప్పుడు గుర్తుపట్టింది. సోమలమ్మ, లోవరాజు తల్లి. ఆ రోజు క్యాజువాలిటీ బయట నేలమీద కూర్చుని, వచ్చిన ప్రతి నర్సు కాళ్ళూ పట్టుకున్న మనిషి.

పగలు వస్తే సింగన్న మనుషులు తరిమేస్తారని చీకటి పడ్డాక వస్తోందట. కొడుకుని చుట్టచుట్టి తెచ్చి, చెయ్యి ముట్టుకోనివ్వకుండానే నిప్పు పెట్టేశారట. రేపు ఇటుక బట్టీ లారీ వచ్చి ఈ కుప్పంతా ఎత్తుకుపోతుందట. ఈలోగా ఒక్క వేలైనా దొరికితే, వాణ్ణి కాల్చినచోట పాతిపెట్టి వస్తుందట. ఇదంతా తవ్వుతూనే చెప్పింది.

"మరి నా గుంటడు అక్కడ ఏ సేత్తో బువ్వ తింటాడమ్మా?"

రాచెల్ బండి దిగి, వెళ్ళి ఆ చేతులు పట్టుకుంది. పిప్పి కోసి కోసి రక్తాలు కారుతున్నాయి. రాచెల్‌కి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఊరి మీద కోపం తెచ్చుకుంది గానీ, వేళ్ళు ఉన్నాయన్న మాట వినాల్సిన మనిషి ఒకామె ఉందని తట్టనే లేదు.

"అమ్మా, వేళ్ళు తెగలేదు. నలిగాయంతే. ఫొటో నేను చూశాను, డాక్టరు గారిని అడిగాను. అన్నీ చేతికే ఉన్నాయి. చేతితోపాటే వెళ్ళిపోయాయి."

ముసలామె తల ఎత్తి రాచెల్ మొహంలోకి చూసింది.

"బొటనేలు?"

"ఉందమ్మా."

"సిటికినేలు?"

"అదీ ఉంది."

సోమలమ్మ రాచెల్ భుజం మీద పడి ఘొల్లుమంది. కొడుకు పోయినప్పటినుంచీ కడుపులో దాచుకున్న ఏడుపంతా అప్పుడు బయటికొచ్చింది. ఏడవనిచ్చి, తలలో పిప్పి దులిపి, ఇంటి దగ్గర దింపుతానని రాచెల్ ఆమెని స్కూటీ వెనక ఎక్కించుకుంది. మనసు తేలికపడింది. ఇక దెయ్యమూ లేదు, ఏమీ లేదు… పాపం, ఒక తల్లి, అంతే.

తాళం తిప్పబోతుంటే వెనకనుంచి సోమలమ్మ గొంతు వినిపించింది. చెవిలో చెబుతున్నంత నెమ్మదిగా.

"అయితే తల్లీ… రోజూ ఆ పిప్పిలో సెయ్యెట్టగానే, నా సెయ్యి గట్టిగా పట్టుకుంటన్నాది ఎవులు?"