ఇంకెవరికీ కుదరని పాళీ

కొరియర్ బండి గుమ్మం ముందు ఆగిందంటే ఒకప్పుడు ఆ ఇంట్లో అందరి ముఖాలూ వెలిగేవి. ఏ ఊరి నుంచో ఎవరో పెన్ను కోసం ఉత్తరం రాశారన్నమాట. ఈ మధ్య మాత్రం ఆ హారన్ వినబడితే చాలు, ఆ ఇంటి కూతురి గుండె గుభేలుమంటోంది.

ఆ పొద్దున్నా అంతే. కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళి, కొరియర్ అతని ఫోను మీద వేలితో సంతకం గీకి, చిన్న చెక్కపెట్టెతో లోపలికొచ్చింది. నెల కిందట తన చేత్తో తనే ప్యాక్ చేసి పంపిన పెట్టె అది. లోపల పెన్నూ, దానికి చుట్టి ఒక ఉత్తరమూ ఉన్నాయి. రాసింది రిటైరైన బడిపంతులు.

"అమ్మా, మీ నాన్నగారు చేసిన పెన్నుతో ముప్పై ఏళ్ళు రాశాను. అది అరిగిపోతే ఇది చేయించుకున్నాను. ఇదేమో కాగితాన్ని గీరుతోంది. నా చెయ్యే ముసలిదైందేమోనని వారం రోజులు చూశాను. ఏమీ అనుకోకండి."

తిట్టి ఉన్నా బాగుండేది. 'ఏమీ అనుకోకండి' అనేసరికి ఆమెకు తల కొట్టేసినట్లయింది.

వెనక గదిలో తండ్రి అప్పటికే పనిబల్ల ముందు కూర్చున్నాడు. ఆ గదికి ఒక వాసనుంది. పెన్నుగా మలచడానికి లేతు మిషను మీద తిప్పే నల్లరబ్బరు కడ్డీ వాసన, సిరా వాసన, మిషన్ నూనె వాసన కలిసిన వాసన. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఆ వాసనలోకి పరుగెత్తుకొచ్చి, నేల మీద చుట్టలు చుట్టుకున్న నల్లటి పొట్టును గుప్పిళ్ళతో ఎగరేసేది. "జుట్టంతా మసి చేసుకుంటావే!" అని అమ్మ కేకలేసేది. బల్లకు ఎదురుగా అమ్మ స్టూలు ఇంకా అక్కడే ఉంది. ఆరు నెలలుగా దాని మీద ఎవరూ కూర్చోలేదు.

"నాన్నా, ఇది నాలుగోది" అంది పెట్టె బల్ల మీద పెడుతూ.

"ఏది?" భూతద్దం కంటి మీంచి తియ్యకుండానే అడిగాడు.

"తిరిగొచ్చిన పెన్ను. అమ్మ పోయాక నువ్వు చేసినవి నాలుగు. నాలుగూ వచ్చేశాయి."

"వాళ్ళకి రాయడం చేతకాదేమో!"

"బడిపంతులికి రాయడం చేతకాదా?"

గుమ్మంలో కాఫీ తాగుతున్న అల్లుడు నవ్వు ఆపుకోబోయి పొలమారి దగ్గాడు. మామగారు ఉరిమి చూసేసరికి గ్లాసులో ముఖం దాచుకున్నాడు.

"నేనొకటి అనుకున్నా నాన్నా. పాళీలు బయట కొందాం. పెన్ను నువ్వే చెయ్యి, మెరుగు నువ్వే పెట్టు. పాళీ జోలికి మాత్రం వెళ్ళకు."

"పాళీ లేకపోతే అది పెన్నెలా అవుతుందే? ఉత్త నల్ల పుల్ల! చెవిలో పెట్టుకోడానికా?"

"నీ చెయ్యి వణుకుతోంది నాన్నా. ఒప్పుకోవు గానీ..."

"ఎవరన్నారు?"

అల్లుడి చేతిలో గ్లాసు లాక్కున్నాడు. అందులో సగమే ఉందని, కూతురి గ్లాసు తెప్పించి అంచుదాకా నింపాడు. చెయ్యి బారజాపి పట్టుకుని నిలబడ్డాడు. చుక్క ఒలకలేదు. గోడ గడియారం టిక్కు టిక్కుమంటూనే ఉంది.

"చూశావా?"

చూసింది. ఒప్పుకుంటే సరిపోయేది. కానీ నాలుగు పెన్నుల అవమానం ఆమె నోట్లోంచి ఒక్కసారిగా బయటికొచ్చింది.

"కాఫీ ఒలకలేదు సరే, పెన్నులెందుకు వెనక్కొస్తున్నాయి? అమ్మ ఉన్నన్నాళ్ళూ ఒక్కటైనా వచ్చిందా? అంటే ఈ ఇంట్లో పనితనం అమ్మదే. నీదేం లేదు!"

అన్నాక నాలిక కరుచుకుంది. అయినా ఏం లాభం? ఆయన గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టాడు. నలభై ఏళ్ళ సిరా మరకలున్న తోలు ఏప్రన్ విప్పి, మడిచి, దాని మీద సొరుగు తాళంచెవి పెట్టాడు.

"నిజమేనే" అని మాత్రం అని వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

"అంత మాట అనాల్సింది కాదు" అన్నాడు భర్త.

"తెలుసండీ. మీరు కూడా మొదలెట్టకండి" అంది. కళ్ళు తుడుచుకుని ఆ బల్ల దగ్గరే కూలబడింది.

ముందు పంతులుగారికి జవాబివ్వాలి. అంత ముత్యాల్లాంటి దస్తూరికి ఫోనులో మెసేజ్ కొడితే ఏం మర్యాద? కాగితం తీసింది. చేతికందిన పెన్ను ఆయన తిప్పి పంపిందే. ఎంత పాడైందో చూద్దామని దాన్నే సిరాలో ముంచి ఎడమచేత్తో పట్టుకుంది. ఆమెది పుట్టు ఎడమచెయ్యి వాటం.

'గౌరవనీయులైన' అని మొదలుపెట్టింది. పాళీ ఎక్కడా ఆగలేదు, గీరలేదు. కాగితం మీద నూనె రాసినట్టు సాగిపోయింది. రెండు వాక్యాలు రాసి, ఆశ్చర్యపోయి, షెల్ఫులోంచి మిగతా మూడూ తీసి సిరాలో ముంచి రాసింది. మూడూ అంతే! వచ్చిన పెన్నుల్ని వచ్చినట్టు షెల్ఫులో పడేసిందే గానీ ఒక్కదాన్నీ తను రాసి చూడలేదు. ఆమె రోజంతా టైపు కొట్టడమే, పెన్ను పట్టి ఎన్నేళ్ళో అయింది.

"ఏమండీ, ఇలా రండి. దీంతో ఒక లైను రాయండి."

భర్త కుడిచేత్తో రాశాడు. పిల్లి గోడను గీరినట్టు చప్పుడైంది.

ఆమె పెన్నునీ తన ఎడమచేతినీ మార్చి మార్చి చూసింది. తాళంచెవి తీసుకుని సొరుగు తెరిచింది. పాళీలు రాసి చూసే పరీక్ష పుస్తకం అందులోనే ఉంది.

పెన్ను కావాలన్నవాళ్ళు సొంత దస్తూరితో ఉత్తరం రాయాలి. అది ఆ ఇంటి నియమం. అమ్మ ఆ ఉత్తరం చదివి, మనిషి కలాన్ని నిలబెడతాడో పడుకోబెడతాడో, నొక్కుతాడో నిమురుతాడో చెప్పేది. ఆ మనిషి పట్టుకున్నట్టే పట్టుకుని ఈ పుస్తకంలో ఒక వాక్యం రాసేది. అమ్మదీ పుట్టు ఎడమచెయ్యే; బళ్ళో కొట్టి నేర్పిన కుడిచెయ్యి ఆవిడకు అందుకు పనికొచ్చింది. పాళీ కుదిరేదాకా నాన్న అరగదీస్తూనే ఉండేవాడు. అమ్మ తలూపితేనే పెన్ను పెట్టెలోకి వెళ్ళేది.

పుట తర్వాత పుట. ఒక్క మనిషే వందలమంది దస్తూరీల్లో రాసిన పుస్తకం అది. రాసిందంతా ఇంటి కబుర్లే. ఎవరో లాయరుగారి నిటారు అక్షరాల్లో 'పిల్లకి జ్వరం తగ్గింది.' ఎవరో డాక్టరమ్మ గొలుసుకట్టులో 'ఆయనకి కోపమొచ్చింది, వంట మాత్రం బాగుందని రెండుసార్లు పెట్టించుకున్నారు.' ఇంకో పుటలో 'పిల్ల ఎడమచేత్తో రాస్తోంది. రాయనీ. దీని చెయ్యి ఎవరూ మార్చకూడదు.'

అక్షరాలు మసకబారాయి. కొంగుతో కళ్ళొత్తుకుని చివరి పుట తిప్పింది. అక్కడ అమ్మ సొంత దస్తూరి ఉంది. ఎడమచేతిది. అమ్మ పోయే ముందు, నాన్న ఆవిడ కోసమే చేసిన పెన్నుతో రాసిన వాక్యం.

'ఇది నాకు. ఇంకెవరికీ కుదరదు.'

దాని కింద అదే వాక్యం నాలుగుసార్లు ఉంది. వంకర టింకరగా, ఎడమచెయ్యి అలవాటు లేని మనిషి ఎడమచేత్తో రాసినట్టు.

పుస్తకం పట్టుకుని అరుగు మీదికి పరుగెత్తింది.

"నాన్నా! ఇవి నువ్వు రాసినవేనా?"

ఆయన తప్పు చేసి దొరికిపోయినవాడిలా చూశాడు. "రాయడానికి ఏమీ తోచలేదే. మీ అమ్మ చివర రాసిందే చూసి రాశాను. ఆవిడ పట్టుకున్నట్టే పట్టుకున్నాను. ఎదురుగా కూర్చుని తలూపినట్టనిపించేదాకా అరగదీశాను."

"నాలుగూ అమ్మకే చేశావు నాన్నా!"

ఆయన రెండు చేతులూ ముందుకు చాపుకున్నాడు. వాటిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అయితే... చెయ్యి పోలేదన్నమాట" అన్నాడు చివరికి.

"పోలేదు నాన్నా. నా నోరే పోయింది. క్షమించు."

ఏప్రన్ తెచ్చి తనే ఆయన నడుముకు కట్టింది. అమ్మ స్టూలు మీద కూర్చుని పంతులుగారి ఉత్తరం వెలుతురులో పట్టుకుంది.

"కలం నిలబెట్టి రాస్తారు నాన్నా. కిందికి గీసేప్పుడు నొక్కుతారు. నాకు కుడిచెయ్యి రాదు కదా... ఏమండీ, మీరు పట్టుకోండి. అలా కాదు, ఇంకా నిటారుగా! కూరలు తరుగుతున్నట్టు పట్టుకున్నారేంటి?"

"ఏం రాయాలి మామయ్యగారూ?"

"ఇంట్లో ఏం జరిగితే అది రాయి, అల్లుడూ."

కొత్త పెన్నుకు పాళీ బిగించి, అరగదీసి అరగదీసి రాయిస్తే ఏడోసారికి ఆమె తలూపింది. పుస్తకంలో పడ్డ వాక్యం, 'నా కాఫీ చల్లారిపోయింది.' ఆరు నెలల తర్వాత ఆ గదిలో ముగ్గురూ నవ్వారు.

"మరి ఆ నాలుగు పెన్నులూ?" అన్నాడు తండ్రి. "పాళీలు పీకేస్తాను. ఎవరికి పనికొస్తాయవి?"

ఆమె ఆ నాలుగు పెన్నుల్నీ తన వైపు లాక్కుంది. అందులో ఒకటి ఎడమచేత్తో తీసుకుంది. పుస్తకంలో అమ్మ చివరి పుట తెరిచి, నాన్న వంకర అక్షరాల కింద నెమ్మదిగా రాసి, పుస్తకం ఆయన వైపు తిప్పింది.

'నాకు కుదిరిందమ్మా.'

ఆయన భూతద్దం పెట్టుకున్నాడు. చదివాడు. మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. తడి అద్దానిది కాదు.

"నువ్వు రాస్తుంటే చూసి ఎన్నేళ్ళయిందే తల్లీ" అన్నాడు, "ఇంకో వాక్యం రాయవూ?"