పుల్ల గుచ్చిన పొట్లం

కనక పొట్లం విప్పింది. క్లాసంతా మెడలు సాచి చూసింది.

అడ్డాకుల మధ్య నుంచి బయటపడ్డవి మామూలు పుట్టగొడుగులు. తెల్లగా, మెత్తగా ఉన్నాయి. కాడలకు ఇంకా మట్టి అంటుకునే ఉంది. వానాకాలంలో ఆ కొండ ఊళ్లలో ఏ పొయ్యి మీద చూసినా ఉడికేవి అవే.

"ఇదేనేటే నీ అద్దంలా మెరిసేది?" అన్నాడు బుధు. "రాత్రి మా అమ్మ ఇదే కూరొండింది. ముందే సెప్తే నాలుగు మెరుపులు జేబులో ఏసుకొచ్చీసేవోడిని!"

క్లాసు గొల్లుమంది. కనక పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తను కట్టిన పొట్లం ఇది కాదు.

"ఏమైంది కనకా?" అని అడిగింది సౌజన్య టీచర్.

"ఇంటికాడ మర్సిపోనాను టీచర్," అంది కనక తల దించుకుని.

"పరవాలేదు, రేపు తెద్దువుగాని," అని టీచర్ లెక్కల పుస్తకం తీసింది.

ఆ క్లాసులో కిటికీ పక్కన ఓ బల్ల ఉంది. అడవిలో దొరికిన వింత ఏదైనా తెచ్చి దాని మీద పెట్టవచ్చు. పిట్టలు వదిలేసిన గిజిగాడి గూడు తెచ్చి పెట్టిన దగ్గర నుంచి బుధు నడకే మారిపోయింది. పోలీసు ఇన్‌స్పెక్టరులా ఛాతీ విరుచుకుని తిరుగుతున్నాడు. దాన్ని మించింది తేవాలని కనక పట్టుదల.

నిన్న సాయంత్రం అది దొరికింది కూడా. కాఫీ తోట వెనక ఓ పెద్ద మాను పడిపోయి పుచ్చిపోతోంది. దాని పక్కకు అతుక్కుని సగం పళ్లెంలా ఉందది. పైన కాఫీ పొడి లాంటి దుమ్ము పేరుకుంది. కనక గౌను అంచుతో తుడిచి చూసింది. అంతే! లోపలి నుంచి ఎర్రగా మెరిసింది. అప్పుడే వార్నిష్ వేసిన కుర్చీలా నిగనిగలాడింది. మధ్యలో ముదురు ఎరుపు, తర్వాత నారింజ రంగు, అంచున వెన్నలాంటి తెలుపు. తన మొహం కనిపిస్తుందేమోనని కనక వంగి చూసింది. కనిపించలేదు. అయినా అందులో మొహం చూసుకున్నానని స్కూల్లో చెప్పేయాలని అప్పుడే నిర్ణయించుకుంది.

రెండు చేతులతో పట్టి, అటూ ఇటూ ఊపి, దాన్ని విరిచి ఇంటికి తెచ్చింది.

పొరపాటు జరిగింది ఆ తర్వాతే. వాళ్లింట్లో ఓ పద్ధతి ఉంది. తినే పుట్టగొడుగుల్ని అడ్డాకుల్లో చుట్టి వెదురుపుల్ల గుచ్చుతారు. అడవి నుంచి తెచ్చింది ఏమిటో తెలియకపోతే దానికి పుల్ల గుచ్చరు. గడ్డిపరకతో ముడి వేసి, ఇంటి బయట చూరుకు వేలాడదీస్తారు. పుల్ల ఉన్నది పొయ్యి దగ్గరకు, ముడి ఉన్నది చూరుకు. ఈ సంగతి కనకకు బాగా తెలుసు.

కానీ ముడి చూస్తే అమ్మ అడుగుతుంది. అడిగితే చూపించాలి. చూపిస్తే తీసి అవతల పారేస్తుందేమో! అందుకే కనక చక్కగా పొట్లం కట్టి, చక్కగా పుల్ల గుచ్చి, వంటింటి మూల దాచింది. అమ్మ సంతకు పట్టుకెళ్లే పొట్లాలు కూడా ఆ మూలనే ఉన్నాయి. పొద్దున్న బడికి ఆలస్యమైపోతోందని ఆ మూల చీకట్లో చెయ్యి పెట్టి, తగిలిన పొట్లాన్ని సంచిలో పడేసుకుంది.

మరి తన పొట్లం ఎక్కడుంది?

ఆ ప్రశ్న కనకకు లెక్కల క్లాసులో వచ్చింది. జవాబు కూడా వెంటనే తట్టింది. ఇవాళ సంత. అమ్మ పొట్లాలన్నీ బుట్టలో వేసుకుని వెళ్లిపోయి ఉంటుంది.

'అమ్మ చూసుకుంటుందిలే' అనుకుంది కనక. 'అయినా చెప్తే తిడుతుంది' అని కూడా అనుకుంది.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. వేడి వేడి అన్నం, సాంబారు. కనక ముద్ద కలిపింది కానీ నోట్లో పెట్టుకోలేకపోయింది. ఈపాటికి ఎవరి ఇంట్లోనో పొయ్యి మీద గిన్నె పెట్టి ఉంటారు. ఎవరో ఆకలితో పళ్లేల ముందు కూర్చుని ఉంటారు. అది విషమైతే? ఆ ఇంట్లో చిన్న పిల్లలుంటే?

కనక పళ్లెం వదిలేసి టీచర్ దగ్గరకు పరుగెత్తింది.

"టీచర్, నేను ఇంటికాడ మర్సిపోలేదు. అది సంతకెల్లిపోనాది. ఎవులో వొండీసుకుంటారు టీచర్!"

ఏడుస్తూనే జరిగిందంతా చెప్పింది. టీచర్ తిట్టలేదు.

"అది తినేదేనా?"

"తెలీదు టీచర్."

"నాకూ తెలీదు. అమ్మకు ఫోన్ చేద్దామా?"

"ఫోను ఇంట్లోనే ఒగ్గేసి ఎల్తాది."

"అయితే పద, బేగి వెళ్దాం!" అంది టీచర్. ఆవిడ నోట 'బేగి' అన్న మాట పిల్లలెవరూ అంతవరకు వినలేదు. పిల్లల్ని పక్క క్లాసు మేడమ్‌కు అప్పజెప్పి, కనకను స్కూటీ ఎక్కించుకుంది. కనక ఆ పుట్టగొడుగుల పొట్లానికి మళ్లీ పుల్ల గుచ్చి గుండెలకు హత్తుకుని కూర్చుంది.

సంతలో అమ్మ ఖాళీ బుట్ట బోర్లించి, పక్కన అల్లం అమ్మే ఆవిడతో నవ్వుతూ మాట్లాడుతోంది. ఖాళీ బుట్ట చూడగానే కనక స్కూటీ దిగి అమ్మ దగ్గరకు పరుగెత్తింది.

"ఏటే గుంటా, టీచరమ్మని ఎంటబెట్టుకొచ్చినావు? ఏటి సేసినావు?" అంది అమ్మ లేచి నిలబడి.

కనక చెప్పింది. వింటూ వింటూ అమ్మ నవ్వు ఆపేసింది.

"ఒక పొట్లం బరువుగా ఉన్నాది," అంది మెల్లగా. "తడి ఎక్కువైందనుకున్నాను. సావుకారమ్మ అదే ఏరుకుని ఒట్టుకెల్లింది."

షావుకారమ్మ అసలు పేరు సీతామహాలక్ష్మి. ఆవిడ కుటుంబం విజయనగరం వైపు నుంచి వచ్చి సంత మొదట్లో కిరాణా కొట్టు పెట్టుకుంది. అంత పేరు పిలిచే ఓపిక లేక అందరూ షావుకారమ్మ అనే అంటారు. కాకరకాయ కొన్నా, కందిపప్పు కొన్నా చేత్తో ఎత్తి బరువు చూడందే ఆవిడ తీసుకోదు. ఇవాళ కూడా అన్నిట్లోకీ బరువైన పొట్లం చూసుకుని మరీ తీసుకుంది.

ముగ్గురూ పరుగెత్తారు. కొట్టు వెనకే ఇల్లు. గుమ్మం దగ్గరకు చేరేసరికి లోపల కుక్కర్ కుయ్యిమని విజిల్ వేసింది. కనక చెప్పులతోనే వంటింట్లోకి దూకేసింది.

"సావుకారమ్మా, తినకండి! అది తినకండి!"

షావుకారమ్మ కత్తిపీట ముందు చెమటలు కక్కుతూ కూర్చుని ఉంది. ఆవిడ చేతిలో ఎర్రగా నిగనిగలాడుతోంది కనక దాచుకున్న వింత. ఓ పక్క చిన్న గీత మాత్రం పడింది.

"తినడానికి తెగితే కదే!" అంది ఆవిడ మండిపడుతూ. "ఇదేటి పుట్టకొక్కే తల్లీ? నా కత్తిపీట మొండైపోనాది గానీ ఇది తెగలేదు. ఆవిరి దిగినాక పప్పులో పడేసి ఉడకబెడదామని సూత్తన్నాను!"

కనక గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. భయం తీరాక వచ్చే ఏడుపు అది. ఎంత హాయిగా ఉంటుందో ఏడ్చినవాళ్లకే తెలుస్తుంది.

"ఎవులు కట్టినారు ఇది?" అంది షావుకారమ్మ, అమ్మ వైపు చూస్తూ.

"నేనే," అంది కనక అమ్మ కన్నా ముందు. "అమ్మకి తెలీదు. ముడెయ్యాల్సింది, పుల్ల గుచ్చీసినాను." చేతిలో ఉన్న అసలు పొట్లం అందించింది. "ఇది మీది."

షావుకారమ్మ పుల్ల లాగి, పొట్లం విప్పి, పుట్టగొడుగుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. అమ్మ దగ్గర ఎన్నో వానాకాలాల నుంచి కొంటోంది. బరువు చూడటమే గానీ, విప్పి చూడటం ఇదే మొదటిసారి. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల వైపు చూస్తోంది. తను తిట్లు తిన్నా ఇంత బాధ ఉండేది కాదనిపించింది కనకకు.

"సూడండమ్మా," అంది అమ్మ నెమ్మదిగా. "ఇకనించి ఇప్పి సూసే తీసుకోండి."

షావుకారమ్మ పొట్లం మూసింది. ఆ పుల్ల మళ్లీ గుచ్చింది.

"సాల్లే. గుంట పరుగెట్టుకొచ్చి మరీ సెప్పింది కదా. పై సంతకీ నాకో పొట్లం ఉంచు," అంది. "బరువుది మాత్రం వొద్దు!"

ముందు టీచర్ నవ్వింది. తర్వాత అమ్మ కూడా నవ్వింది. అమ్మ నవ్వాక గానీ కనక కళ్లు తుడుచుకోలేదు.

బయటకు వచ్చాక అమ్మ ఆ ఎర్రటి దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. పారేస్తుందేమోనని కనక అమ్మ చేతినే చూస్తూ నిలబడింది.

"బాగుందే," అంది అమ్మ. "నాకు సూపిత్తే నేను మాత్రం పారేత్తానేటి?"

కనక దారి పక్క కాలవ గట్టున వంగి పొడుగాటి గడ్డిపరక పీకి, ఆ ఎర్రటి దాని చుట్టూ తిప్పి ముడి వేసింది. అమ్మ వేలితో కదిపి చూసి, "వొదులుగా ఉన్నాది," అంది. కనక విప్పి, మళ్లీ గట్టిగా వేసింది.

మర్నాడు అది కిటికీ పక్క బల్ల మీద మెరిసిపోతూ కూర్చుంది. పిల్లలు చుట్టూ మూగారు. బుధు వేలితో టకటకా కొట్టి చూసి, "ఇది కొక్కు కాదు, బెంచీ ముక్క!" అని తేల్చేశాడు. ఇంతలో వాడికి గడ్డిముడి కనిపించింది.

"ఇదెందుకే? బల్ల మీద ఉన్నదాన్ని ఎవులు తింటారు?"

"బల్ల మీదున్నది ఎవులింటికి ఎల్తాదో నీకేటి తెలుసురా?" అంది కనక.

రాత్రి గడిచేసరికి గడ్డిపరక కొంచెం వాడింది. కనక కిటికీలోంచి చెయ్యి చాపి పచ్చటి పరక ఇంకోటి తెంపింది. పాత ముడి మీదే కొత్త ముడి వేసి, రెండు కొసలూ పట్టి గట్టిగా లాగి చూసుకుంది.