ప్లగ్గు కింద బొట్టు

డీప్ ఫ్రీజర్ తాళం పగిలి ఉంది. లోపల పై అర ఖాళీ.

సోమవారం ఉదయం తొమ్మిది గంటలు. సూర్యాపేటలో హైవే పక్కనున్న చిన్న పరిశోధనశాల. ఎస్సై ఉమారాణి గ్లవ్స్ తొడుక్కుంటూ అడిగింది.

"ఏం పోయినయ్ డాక్టర్ గారూ?"

"నా నానో పార్టికల్స్ మేడం. నాలుగేండ్ల పని." సైంటిస్ట్ అశ్విని ఖాళీ అర వైపు చూపించింది.

"జర అర్థమయ్యేటట్టు చెప్పండి."

"కంటికి కనపడనంత చిన్న కొవ్వు బుడగలు. వాటిల మంచి జీన్ పెట్టి రక్తంలకు పంపితే, ఒంట్లో రక్తం తయారయ్యే చోటికి మోసుకపోతయ్. తలసేమియా పిల్లలకు మాటిమాటికి రక్తం ఎక్కించే బాధ తప్పుతదని ఆశ. ఇంక ఎలుకల మీదనే చూస్తున్నం."

"కరెంటు పోతే?"

"కరిగి ఖరాబైతయ్. కానీ బ్యాకప్ ఉంది. ఫ్రీజర్ ఒక్క నిమిషం కూడా బంద్ కాలె."

గదిలో దసరా కళ ఇంకా పోలేదు. శనివారం ఆయుధ పూజ చేశారు. మైక్రోస్కోప్, ఫ్రీజర్ తలుపు, గోడమీది స్విచ్‌బోర్డు, అన్నింటికీ పసుపు, కుంకుమ బొట్లు. మిగతావాళ్లు సెలవులో ఉండటంతో అశ్విని ఒక్కతే పూజ చేసుకుంది.

గది తలుపు మాత్రం చెక్కు చెదరలేదు. అంటే తాళంచెవి ఉన్నవాళ్ల పనే. ఆ తాళంచెవి అశ్విని కాక ఇద్దరి దగ్గరే ఉంది. అసిస్టెంట్ ఉపేందర్. గది ఊడ్చే రూతమ్మ.

ఇద్దరినీ స్టేషన్‌కు పిలిపించారు.

"పండుగకు యాడున్నవ్?"

"మా ఊరు వేములపల్లిల సార్... మేడం. నిన్న మిర్యాలగూడల అత్తగారింట్ల. ఫోన్ చేసి అడుగుండ్రి." ఉపేందర్ కంగారుగా అన్నాడు.

కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. ఉపేందర్ మాట నిజమే.

ఇక రూతమ్మ. తల ఎత్తలేదు.

"తీసినవా?"

"లే."

"మరి మొహం ఎందుకు దాస్తున్నవ్?"

రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తియ్యలె మేడం. తియ్యాలనైతే అనుకున్న. మొన్నొకనాడు ఆ తలుపు మీద చెయ్యి గూడ ఏసిన. మా మనవరాలికి గా తలసేమియా రోగమే. మల్ల భయమై చెయ్యి తీసిన."

స్టేషన్లో అందరికీ అది చాలు. నిజం చెప్పాలంటే ఉమారాణికీ చాలింది.

అంతలో రూతమ్మ ఫోన్ మోగింది. కోదాడ నుంచి కూతురు నవనీత.

"అమ్మా, ఎక్కడున్నావే? ఇవాళ పాపకి రక్తం ఎక్కించాలిగా! పెదాలు తెల్లగా పాలిపోయాయి. నేనొక్కదాన్నే ఆస్పత్రికి ఎట్టా తీసుకెళ్లేది?"

రూతమ్మ ఫోన్ పట్టుకుని ఉమారాణి వైపు చూసింది. ఉమారాణి చూపు తిప్పుకుంది.

మధ్యాహ్నం అశ్విని వచ్చింది. చేతిలో టిఫిన్ బాక్సు. "రూతమ్మ పొద్దుగాల నుంచి ఏం తినలేదంట కదా..." అంటూ బెంచీ మీద పెట్టి, రూతమ్మ కళ్లలోకి చూడకుండా గబగబా వెళ్లిపోయింది.

ఉమారాణికి అక్కడ అనుమానం తట్టింది. నాలుగేళ్ల కష్టం దోచుకున్న మనిషికి అన్నం తెచ్చిపెట్టేవాళ్లు ఉంటారా? జాలి అయితే మొహం చూడటానికి భయమెందుకు?

ఆమె ఒంటరిగా పరిశోధనశాలకు వెళ్లింది. పొద్దున అందరూ పగిలిన తాళాన్నే చూశారు. ఈసారి గోడ చూసింది. ఫ్రీజర్ ప్లగ్గు అంచున, స్విచ్‌బోర్డు మీద కుంకుమ బొట్టు. సగమే కనిపిస్తోంది.

ప్లగ్గు పీకింది. మిగతా సగం దాని కింద ఉంది.

నాలుగు గంటలకు ముగ్గురినీ అదే గదిలో నిలబెట్టింది.

"ఈ బొట్టు ఎవరు పెట్టిండ్రు డాక్టర్ గారూ?"

"నేనే. శనివారం."

"ఫ్రీజర్ ఒక్క నిమిషం కూడా బంద్ కాలేదన్నరు. ప్లగ్గు గోడకుంటే దాని కింద బొట్టు ఎట్ల పడ్డది?"

అశ్విని స్టూలు లాక్కుని కూర్చుంది.

"తడిగుడ్డతోని తుడుస్తుంటే షాక్ కొడతదని పీకిన," అంది. "బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంటికి పోయిన. మల్ల పెట్టుడు మరిచిన. నిన్న వచ్చి చూస్తే అంత కరిగి నీళ్లు. దొంగతనమంటే అందరు అయ్యో అంటరు. మరిచిపోయిన్నంటే నన్నేమంటరు? ప్లగ్గు మల్ల పెట్టి, తాళం నేనే పగలగొట్టిన. సీసాలు నా స్కూటీ డిక్కీల ఉన్నయ్. పారెయ్య చేతులు రాలె."

"మరి రూతమ్మ?"

"ఆమె పేరు నేను చెప్పలె మేడం."

"కాదని గూడ చెప్పలె."

అశ్విని రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఉమారాణికి ఆమె మీద కోపం వచ్చింది. తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. పొద్దున్నుంచి ఒక ముసలామెను బెంచీ మీద కూర్చోబెట్టింది తనే.

"తప్పైంది రూతమ్మా. జీపు కోదాడ పోతది. పాపను తీసుకొని సీదా దవాఖానకు పోదాం, నేను గూడ వస్త."

రూతమ్మ కదిలింది. గుమ్మం దగ్గర ఆగి, సంచిలోంచి టిఫిన్ బాక్సు తీసి అశ్విని ముందు పెట్టింది. మూత తియ్యనే లేదు.

"మనసుల దొంగతనం అనుకున్నందుకే ఆనాడు నాకు ముద్ద దిగలె. నిన్న, ఇయ్యాల నువ్వెట్ల తిన్నవ్ బిడ్డా?"