రెండో ముద్ర

శశికోటలో ఎవరూ ముఖం చూసి తలుపు తీయరు. చంద్రుడి దక్షిణ ధ్రువంలో రాతిని తొలిచి కట్టిన ఆ ఊళ్లో టీ తాగాలన్నా, స్నానానికి నీళ్లు కావాలన్నా గోడలోని గాజుబిళ్ల ముందు ఒక్క క్షణం నిలబడాలి. అది మనిషి ఆలోచన కదిలే తీరును చదువుతుంది. ముఖాన్ని అచ్చుపోయవచ్చు, వేలిముద్రను దొంగిలించవచ్చు. మెదడులో విద్యుత్తు నడిచే తీరును మాత్రం ఎవరూ అనుకరించలేరు. దాని పేరు మనోముద్ర. ఆ ముద్రలన్నీ చదివే యంత్రం పేరు కావలి.

గాలి లేని బయటికి తెరుచుకునే తలుపులకు ఒక ముద్ర చాలదు, రెండు కావాలి. తొలిరోజుల్లో ఒంటరితనం భరించలేక కొందరు అలా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు. చావాలని ఒకరికి అనిపించినా పక్కనున్న మనిషి ఒప్పుకోడు కదా అని పెద్దలు ఆ నియమం పెట్టారు.

ఆ తలుపుల ఇంజనీరు వకుళకు స్పృహ వచ్చేసరికి తూర్పు తలుపు బార్లా తెరిచి ఉంది. ఎదురుగా నల్లటి ఆకాశం. ఒంటి మీద స్పేస్ సూట్, ఎడమచేతి గ్లవ్ సగమే బిగించి ఉంది. చెవుల్లో గాలి కారిపోతున్న బుస. బయట గోడకు మరమ్మతు చేస్తున్న ఇద్దరు పనివాళ్లు పరుగున వచ్చి ఆమెను లోపలికి తోసి తలుపు మూశారు.

తను అక్కడికి ఎలా వచ్చిందో, సూట్ ఎప్పుడు తొడుక్కుందో వకుళకు తెలియదు. ఆ గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు.

"కావలీ, తలుపెందుకు తీశావు?"

"లోపల ఇద్దరున్నారు. ఇద్దరూ అడిగారు."

*

"కావలి పాడైంది. ఇంకోసారి విప్పి చూస్తాను," అంది వకుళ.

"విప్పావుగా. ఏం దొరికింది?" డాక్టర్ నజ్మా అడిగింది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నారు.

"ఏం లేదు."

"కొత్తగా వచ్చినవాళ్లందరికీ క్లాసు పీకేది నువ్వే. కావలి పొరపడదు, పొరపడితే నన్నడగండి అంటావు. నీదాకా వచ్చేసరికి పాడైపోయిందా?"

వకుళ నవ్వలేదు. నజ్మా కూడా నవ్వు ఆపేసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్. మన పుస్తకాల్లో బహుస్వత్వ రుగ్మత అని రాస్తారు. ఇది పిచ్చి కాదు, నటన అసలే కాదు. మరీ చిన్న వయసులో మోయలేని భయం వస్తే మనసు తన మధ్యలో తానే గోడ కట్టుకుంటుంది. గోడకి అటువైపున్న మనిషి జ్ఞాపకాలు వేరు, భయాలు వేరు. అటు జరిగింది ఇటు తెలియదు."

"చిన్నప్పుడు నాకేం జరగలేదే."

"గోడ గట్టిగానే కట్టుకున్నావన్నమాట."

"ఆ రెండోది నన్ను చంపబోయింది నజ్మా."

"ఎందుకు వెళ్లిందో మనకింకా తెలీదు."

"తెలుసుకునేదాకా బతికుండొద్దా నేను?"

ఊరి మండలి రెండే దారులు చూపించింది. ఒకటి, జీవితాంతం ఆస్పత్రి గదిలో తాళం వెనక ఉండటం. రెండోది తుడుపు. ముద్రను చదివే యంత్రాన్నే వెనక్కి నడిపిస్తే ఆ ముద్రకు ఆధారమైన మెదడు దారులు మూసుకుపోతాయి. రెండో మనిషి ఇక ఉండదు. వకుళ క్షణం ఆలోచించకుండా తుడుపుకు ఒప్పుకుంది.

ఆ వారమంతా ఆమె తన చేతులకే భయపడింది. పడుకునే ముందు మణికట్టును మంచానికి కట్టుకునేది. ఒకరోజు అద్దంలో చూసుకుంటే జుట్టు రెండు జడలుగా అల్లి ఉంది. అల్లింది తనే, కానీ తను కాదు. అప్పటినుంచి నిమిషానికోసారి అడగడం మొదలుపెట్టింది.

"కావలీ, ఇప్పుడు నేనేనా?"

"మీరే."

ఒకసారి మాత్రం జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. "ఇప్పుడు మీరే," అంది కావలి. చేతిలోని గ్లాసును వకుళ జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, గోడకు వీపు ఆనించి చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

*

తుడుపు కుర్చీలో ఆమె తలకు టోపీ బిగించారు. తల్లి సుభాషిణి పక్కగదిలో కూర్చుని ఉంది. ఏదో చిన్న వైద్యమని మాత్రమే ఆమెకు చెప్పారు.

"చెరిపేముందు ముద్ర చరిత్ర చదవాలి. ఇది నియమం," అంది కావలి. "ఈ రెండో ముద్ర మొదట నమోదైంది తూర్పు తలుపు దగ్గరే. అప్పటికి వకుళ వయసు ఏడేళ్లు."

నజ్మా తలెత్తింది. "ఆ రోజు లోపల ఎవరున్నారు?"

"సూట్ తొడుక్కున్న ఒక పాప. బయట ఆమె తల్లి. తల్లి సూట్ చిరిగింది. బయటి బిళ్ల రాయి తగిలి పగిలింది, తల్లి ముద్ర చదవలేకపోయాను. ఆమె తలుపు మీద కొడుతోంది. పాప తీయమంది. ఒక ముద్రే ఉందని చెప్పాను. మళ్లీ తీయమంది. మళ్లీ అదే చెప్పాను. చాలాసార్లు అడిగింది. ఆ తర్వాత రెండో ముద్ర వచ్చింది. తీశాను."

"ఎవరో పెద్దమనిషి వచ్చి తీశారని అమ్మ చెప్పేది," అంది వకుళ. "ఆ మనిషి కోసం అమ్మ ఊరంతా వెతికింది."

"గదిలోకి ఎవరూ రాలేదు."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ముద్రలు రెండున్నాయా అని చూడటమే నా పని. శరీరాలు లెక్కపెట్టమని నన్నెవరూ అడగలేదు."

నజ్మా టోపీ పట్టీ మీద చెయ్యి వేసి ఆగింది. "ఆ తర్వాత కూడా మీ అమ్మ రోజూ బయట పనికి వెళ్లేది. నువ్వు ఆ తలుపు దగ్గరే కూర్చునేదానివి, బడికి పిలిచినా వచ్చేదానివి కాదు. మొన్న పనివాళ్లు ఆ గోడ మీదే సుత్తులతో కొట్టారు వకుళా. అమ్మే తలుపు కొడుతోందనుకుని ఆ రెండో ఆవిడ తీయడానికి వెళ్లింది."

వకుళ భయం తగ్గలేదు, ఇంకోలా మారింది.

"తీసెయ్యి టోపీ. రేపు ఆవిడ మళ్లీ బయటికి వెళ్తే?"

"వెళ్లొచ్చు. మనిషిని కాపలా పెడదాం. ఆవిడతో మాట్లాడటం నేర్చుకుందాం. మండలితో పోట్లాట నాకొదిలెయ్."

సుభాషిణి లోపలికి వచ్చింది. కూతురి మొహం చూసి చీరకొంగుతో చెమట తుడిచింది. "ఏమైందే అమ్మలూ, ఇట్లా పాలిపోయావు?"

"అమ్మా, ఆ రోజు తలుపు తీసిన మనిషి దొరికింది."

"ఎవరే? ఎక్కడుంది?"

వకుళ చెప్పడానికి నోరు తెరిచింది.

తర్వాత ఆమెకు తెలిసింది నేల చల్లదనం. తల అమ్మ ఒళ్లో ఉంది. తన రెండు చేతులూ అమ్మ నడుమును నొప్పి పుట్టేంత గట్టిగా చుట్టుకుని ఉన్నాయి. అమ్మ ఏడుస్తోంది. నజ్మా గోడవైపు తిరిగి నిలబడింది.

"ఏం చేశాను? ఏమన్నాను?" వకుళ తలెత్తి అడిగింది.

సుభాషిణి ఆమె జుట్టు నిమురుతూ అంది. "లోపలికి ఎప్పుడొచ్చావమ్మా అని అడిగావే. తలుపు తీసే ఉంచాను, నువ్వు రాలేదు అన్నావు."