నట్టుకు పసుపు బొట్టు

చండ్రుగొండ దాటి అడవి రోడ్డు ఎక్కినంక, టేకు చెట్లు రెండు దిక్కుల నుంచి దగ్గరికి జరిగే జాగల వాగు మీద ఒక మోరీ, అంటే చిన్న కల్వర్టు, ఉంటది. దాన్ని బరువు మోరీ అంటరు. ఆ పేరు ఏ సర్కారు బోర్డు మీద లేదు. కానీ పొద్దుగూకినంక ఆ తొవ్వన బండి నడిపినోన్ని ఎవన్నన్న అడుగుండ్రి, మోరీ కనపడంగనే వాని బొటనవేలు దానంతటదే హారన్ మీదికి పోతది.

మూడుసార్లు కొట్టాలె. కొట్టి, ఎనకకు చూడకుండ పోవాలె. కొట్టకపోతే... బండి బరువెక్కుతది. ఎనక సీటు మీద ఎవరో ఎక్కి కూసున్నట్టు ఉంటది. ఎక్కేది ఆడమనిషి అంటరు. నువ్వు చూసినవా అంటే, చూసినోడు చెప్పడానికి ఉంటడా అంటరు. ఇగ వాళ్లతోని వాదన పెట్టుకొని లాభం లేదు.

శాంతికుమార్ మాత్రం పెట్టుకునేటోడు. విన్నది విన్నట్టు చెప్తున్న, ఆయన మోరీ తోనే కాదు, లోకం మొత్తం తోని వాదన పెట్టుకున్న మనిషి. చండ్రుగొండల జిరాక్స్ సెంటర్ నడుపుతడు. నడిపేది జిరాక్స్, తనను తాను అనుకునేది ఇంజనీరు. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసిండు. అందుల గోడ నిండ పానాలు, ఒక జాకీ, గ్రీజు డబ్బా, మేకుకు వేలాడే ఫోను. ఆ ఫోన్ల ఎవడో ఎక్కడ్నో ఇంజను విప్పుతుంటె, ఈయన ఇక్కడ ఇంజను విప్పుతడు. వీడియోల వాడు మల్ల బిగిస్తడు. తేడా అంత అక్కడ్నే.

ఆ షెడ్డులకు నడిచొచ్చిన బండి నడిచిపోయిన దాఖలా లేదు. బెంజమిన్ మామ పాపం, తన చిన్న లారీకి గేరు గట్టిగ పడుతున్నదని ఒక్క మాట అన్నడు. అన్నందుకు లారీ గేర్‌బాక్సు మొత్తం గోనెసంచి మీదికొచ్చింది. ఇప్పుడు ఆ లారీ క్యాబిన్ల కోళ్లు గుడ్లు పెడుతున్నయి. రిపేరు అయినంక మిగిలిన నట్లు, బోల్టులు శాంతికుమార్ ఒక పచ్చడి సీసల వేస్తడు. ఇవెక్కడివి అంటే, "కంపెనీవోళ్లు గట్లనే ఎక్కువేస్తరు, వాళ్లకేం తెలుసు" అంటడు.

ఈయన గొప్ప ఏందో గానీ, మెకానిక్‌ల పేరెత్తితె ముక్కు చిట్లించేటోడు. అందరికంటె ఎక్కువ గోపాలు మీద. గోపాలుది అడవి రోడ్డు క్రాస్ కాడ చిన్న దుకాణం. వానికో అలవాటుండె. నట్టు బిగించినంక దాని మీద పసుప్పచ్చ పెయింటు చుక్క పెట్టేటోడు. నట్టు కదిలితె చుక్క చెదురుతది, తెలిసిపోతది. శాంతికుమార్ దాన్ని చూసి, "నట్టుకు బొట్టు పెట్టి పెండ్లి చేస్తడు, వీడొక మెకానిక్!" అని పది మందిల నవ్వేటోడు. ఒక్కనాడు కూడ ఆ దుకాణం గడప తొక్కలే. గోపాలు ముఖం సరిగ ఎట్లుంటదో కూడ ఎరగడు.

ఆయన భార్య దీవెన. ఊర్లు తిరిగి పిల్లలకు సూదులేసే నర్సమ్మ. ఆమెకు కాళ్లూ చేతులూ అన్నీ ఆ స్కూటీయే. దాన్నన్న వదిలిండా? సర్వీసు చేస్తనని ఒక ఆదివారం విప్పిండు. సోమవారం ఆమె మందుల పెట్టె పెట్టుకొని పోతుంటె బ్రేకు పట్టలే. రోడ్డు మలిగింది, స్కూటీ మలగలే. పోయి మిరప తోటల పడ్డది. మోకాలు చిట్లింది, ఒళ్లంత మిరప మంట. అది బావి అయ్యుంటె?

ఆ సాయంత్రమే ఆమె తల్లిగారింటికి పోయింది. పోతూ పోతూ గుమ్మంల నిలబడి చెప్పింది.

"నా స్కూటీ గోపాలన్న చేతుల మీదుగ వస్తెనే నేనొస్త. నువ్వు ముట్టినవని తెలిసిందా... నేనక్కడ్నే ఉంట. నువ్వు నీ పానాలతోని కాపురం చెయ్యి."

ఆమె మాటంటె మాటే. ఆ సంగతి శాంతికుమార్‌కు తెలుసు. ఇంట్ల పొయ్యి అంటుకోక, ఆమె చెప్పు చప్పుడు లేక, మనిషి సగమయ్యిండు. రాత్రిళ్లు ఆమె దిండు పక్కకు జరిపి పండుకునేటోడు, మల్ల దగ్గరికి జరుపుకునేటోడు. ఆమె రావాలె, అంతే. మరి సక్కగ గోపాలు కాడికి పోవాలె గదా? పోతడా! సిగ్గు అడ్డమొచ్చింది. ఆ బొట్టు పెట్టేటోని ముంగట చేతులు కట్టుకొని నిలబడాల్నా?

షెడ్డు తలుపేసుకున్నడు. పోయినసారి బ్రేకు పట్టలేదు గదా, ఈసారి పట్టాలె. ఎనక చక్రం కాడ బ్రేకు తీగ చివర ఒక నట్టు ఉంటది. దాన్ని బిగించిండు. ఇంకింత బిగించిండు. పళ్లు కొరికి ఇంకింత. హారన్ వైరు అడ్డమొస్తుందని పీకి, అది మల్ల ఎక్కడ పెట్టాల్నో అందక, హారన్‌ను కూడ తీసి పచ్చడి సీస పక్కన పెట్టిండు. నడుమల అత్త జోజమ్మ ఫోన్ చేసింది. మల్ల చేసింది. మల్ల మల్ల చేసింది. తిట్టడానికే చేస్తున్నదని అన్నిసార్లు కట్ చేసిండు.

ఆఖరికి ఆయన తెలివి చూడుండ్రి. వంటింట్లకు పోయి, చిటికెడు పసుపు నూనెల కలిపి, ఆ నట్టు మీద బొట్టు పెట్టిండు. ఇగ గోపాలే చేసిండంటె దీవెన నమ్ముతది అనుకున్నడు.

ఎండ తగ్గినంక బయలెల్లిండు. ఊర్ల ఉన్నంతసేపు బాగనే నడిచింది. క్రాస్ కాడ గోపాలు దుకాణం షట్టరు మూసి ఉన్నది. ముంగట ఎవరో పూలు జల్లినట్టు బంతి రెక్కలు పడి ఉన్నయి. "సోంబేరి, పొద్దుగూకకముందే మూసిండు" అనుకున్నడు, పోయిండు.

టేకు చెట్లు దగ్గరికొచ్చినయి. వెలుతురు పోయింది. మోరీ తెల్ల గోడలు కనపడ్డయి.

ఇంత నమ్మనోడు, ఇంత వెక్కిరించినోడు... బొటనవేలు హారన్ మీదికి పోయింది. నొక్కిండు. చప్పుడు లేదు. హారన్ షెడ్డుల ఉన్నది గదా!

"ఏమైతది, మూఢనమ్మకం" అని పైకే అనుకున్నడు.

మోరీ దాటంగనే... స్కూటీ గుంజింది.

ఎనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు. ఆక్సిలేటరు తిప్పిండు. ఇంజను మొత్తుకుంటున్నది గానీ బండి పోతలేదు. ఎనక సీటు కిందికి దిగినట్టు, బరువు... బరువు... పిక్కలకు వేడి ఊపిరి తగిలింది. ఏదో కాలుతున్న వాసన.

ఎనకకు చూడొద్దు. చూడొద్దు. పరలోక జపం మొదలుపెట్టిండు, సగంల మర్చిపోయిండు. మల్ల మొదటికెళ్లి అందుకున్నడు, అక్కడ్నే మర్చిపోయిండు.

ఇంజను ఆగింది. దానితోని లైటూ పోయింది.

చీకటి. కప్పల చప్పుడు కూడ ఆగింది. దిగి తోసిండు, చక్రం తిరుగతలేదు. అప్పుడు, సరిగ్గ చెవి పక్కన —

"దీవెనమ్మ బండి గదా ఇది?"

శాంతికుమార్ జేబుల ఫోను తడుముకున్నడు. కొద్దిసేపటికి ఫోన్ లైటు వేసిండు. నెత్తికి తువ్వాల చుట్టుకున్న మనిషి ఎవరో స్కూటీ ఎనక గొంతుకూసోని ఉన్నడు.

"ముఖం మీద కొట్టకు" అన్నడు ఆ మనిషి మెల్లగ. "నట్టు మీద కొట్టు."

నట్టు మీద కొట్టిండు. ఆ మనిషి సెగలు కక్కుతున్న చక్రం డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టిండు. పెట్టినోడు తీయలే. చురుక్కుమనలే. మెకానిక్‌గాళ్ల తోలు మొద్దుగుంటదిలే అనుకున్నడు శాంతికుమార్. అంత భయంల కూడ ఆ బుద్ధి పోలే.

"బ్రేకు పట్టుకపోయింది" అన్నడు ఆ మనిషి. "చక్రాన్ని పిసికి చంపిన్రు. ఎవలు చేసిన్రు?"

"గోపాలు మెకానిక్."

ఆ మనిషి చెయ్యి ఆగింది.

"గోపాలా?"

"అవ్. ఇయ్యాల పొద్దుగాలనే. నా కండ్ల ముంగటనే చేసిండు. నేను చెప్తనే ఉన్న, గట్ల బిగించొద్దు అని. వింటరా వీళ్లు!"

ఆ మనిషి నవ్విండు. చప్పుడు రాలే, భుజాలు మాత్రం కదిలినయి. నట్టు మీద వేలు రాసి వాసన చూసిండు.

"పసుపు... వంటింటి పసుపు."

"పెయింటు అయిపోయిందేమో వానికి."

"అయిపోలే."

పానా అడగలే, వట్టి వేళ్లతోనే నట్టు వదులు చేసిండు. చక్రం తిప్పి చెవి పెట్టి విన్నడు. మల్ల ఇంత బిగించిండు. తువ్వాల కొసతోని పసుపు తుడిచిండు.

"పట్టని బ్రేకు చంపుతది. పట్టి విడవనిది కూడ చంపుతది. ఆ బిడ్డ దీని మీద తిరుగుతది, యాదుంచుకో." లేస్తూ అన్నడు, "ఇప్పుడు చెప్పు ఆమెకు, గోపాలు చేసిండని. తప్పు లేదు."

శాంతికుమార్ కిక్కు కొట్టిండు. స్టార్టయింది. లైటు వెలిగింది. తిరిగి చూస్తె మోరీ గోడ ఉన్నది, మనిషి లేడు. అడవిలకు చెంబుకు పోయిండేమో అనుకున్నడు. ఇంత సాయం చేసినోనికి ఒక్క మంచి మాటన్న చెప్పలే, అంతటి గొప్పోడు!

అత్తగారింటికొచ్చేసరికి పాత ధైర్యం మల్ల వచ్చింది. జోజమ్మ అరుగు మీద జపమాల తిప్పుతున్నది. దీవెన బయటికొచ్చి, తాళంచెవి గుంజుకున్నది. స్కూటీ ఎక్కి వాకిట్ల ఒక చుట్టు కొట్టింది. బ్రేకు వేసింది. చక్కగ ఆగింది. మల్ల పోయి, మల్ల వేసింది. ఆమె ముఖంల గట్టిదనం కరిగింది. ఎన్ని దినాలకో ఆయన దిక్కు సక్కగ చూసింది.

"ఇది నువ్వు చేసింది కాదు" అన్నది.

"నేనెందుకు ముట్టుకుంట? నువ్వు చెప్పినట్టే. గోపాలే చేసిండు."

"నిజంగనా?"

"ఏసు మీద ఒట్టు."

"ఎప్పుడు?"

"ఇయ్యాల పొద్దుగాల."

జోజమ్మ చేతుల జపమాల ఆగింది. దీవెన స్కూటీ స్టాండు వేసింది.

"అమ్మ నీకు అన్నిసార్లు ఎందుకు ఫోన్ చేసిందనుకున్నవ్?" అన్నది దీవెన. "గోపాలన్న పోయిండు. మొన్న రాత్రి బరువు మోరీ కాడ ఎవరిదో బండి ఆగితె, కింద కూసోని బాగుచేస్తుంటె లారీ గుద్దింది. నిన్న మేమందరం మట్టికి పోయొచ్చినం."

శాంతికుమార్ అరుగు అంచు మీద కూసోని, షెడ్డు సంగతి, పసుపు సంగతి, మోరీ కాడ తువ్వాల మనిషి సంగతి... అన్నీ కక్కిండు. జీవితంల మొదటిసారి ఆ నోట్ల నుంచి ఒక రిపేరు గురించి నిజం వచ్చింది.

జోజమ్మ సిలువ గుర్తు వేసుకున్నది. దీవెన లోపలికి పోయి టార్చి తెచ్చింది. ఎనక చక్రం కాడ గొంతుకూసోని లైటు వేసింది.

నట్టు మీద పసుప్పచ్చ చుక్క ఉన్నది. గుండ్రంగ, చెదరకుండ.

ఆమె వేలు పెట్టింది. వేలికి అంటింది. ముక్కు కాడ పెట్టుకున్నది.

"పసుపు కాదు" అన్నది. "పెయింటు. ఇంక తడి ఆరలే."

ఆ చుక్కనే చూసుకుంట కూసున్నది. చిన్నప్పుడు సైకిలుకు గాలి కొట్టిచ్చి పైసలు వద్దన్న గోపాలన్న, ఏ రాత్రి పిలిచినా లేచొచ్చే గోపాలన్న. కండ్లెంట నీళ్లు కారుతుంటె తుడుచుకోలే. తర్వాత లేచి, పైట కొంగుతోని ముఖం తుడుచుకొని, మొగుని దిక్కు చూసింది. వంటింట్ల చచ్చిన బొద్దింకను చూసినట్టు చూసింది.

"గోపాలన్న చేతుల మీదుగ వస్తెనే వస్తనన్న. వచ్చింది. నేను మాట తప్పేదాన్ని గాదు. తెల్లారినంక వస్త" అన్నది. "బండి నేను నడుపుత. ఆ పానాలన్నీ గోపాలన్న పిల్లలకు ఇచ్చేస్తవు. ఆ చేతులతోని ఇగ జిరాక్సే తియ్యి."

శాంతికుమార్ తల ఊపిండు. ఊపుతనే ఉన్నడు.

"మట్టి అయి ఒక్క దినం కాలే" అన్నది దీవెన, టార్చి ఆర్పుతూ. "నీ రిపేరు చూడలేక చచ్చినోడు కూడ లేచొచ్చిండు."