పంపు దగ్గర నరమానవుడు లేడు

"ఎల్లుండి పొద్దున పదింబావుకి లా చొర్రేరాలో బాంబు పేలుతుంది," అంది దొన్యా ఫిదెలీనా, జున్ను పెట్టిన పుపూసా రొట్టెని రెండు ముక్కలుగా తుంచుతూ. "నువ్వు పేలనివ్వకూడదు. తిను, చల్లారిపోతుంది."

ఏజెంట్ నోల్బెర్తో ఆలాస్ చేతిలోని ముక్క పక్కన పెట్టేశాడు. లా చొర్రేరా అతని సొంత ఊరు.

ఎల్ సాల్వడార్‌లో యుద్ధం ముగిసి ఏడాది దాటింది. శాంతి కమిషన్ కింద గుట్టుగా నడిచే ఓ చిన్న విభాగానికి దొన్యా ఫిదెలీనా చీఫ్. ఆఫీసు ఇవ్వలేదు గనక బ్రీఫింగులన్నీ ఈ రొట్టెల కొట్టులోనే.

"ఎవరి పని మేడం?"

"నీలి తేలు."

పన్నెండేళ్ళు రెండు పక్షాలకీ తుపాకులు అమ్మిన విదేశీ ముఠా అది. శాంతి నిలబడితే వాళ్ళ వ్యాపారం మూతపడుతుంది.

"విదేశీ దాతలు మీ ఊరికి మంచినీళ్ళ పథకం ఇస్తున్నారు కదా. వాళ్ళ చీఫ్ పంపు మీద చెయ్యేసే టైముకి పేలాలని ప్లాన్."

"దాతలకి ముందే చెప్పేస్తే?"

"బాంబు అన్న మాట వాళ్ళ చెవిన పడితే పదేళ్ళదాకా ఇటు తొంగి చూడరు. జిల్లా మొత్తానికి నీళ్ళూ పోతాయి, బడులూ పోతాయి. చడీచప్పుడూ లేకుండా తీసెయ్యాలి."

"లోపల మనవాళ్ళెవరు?"

"ఇవెట్. దాతల దుబాసీ. జీతం నీలి తేలు దగ్గర, కబుర్లు మన దగ్గర."

"నమ్మొచ్చా?"

"నమ్మకు. చెప్పింది మాత్రం విను."

ఆ రోజు రానే వచ్చింది. తొమ్మిది గంటలకల్లా నోల్బెర్తో అతికించిన మీసంతో, ఐస్ గోలా బండి తోసుకుంటూ ఊళ్ళోకి దిగాడు. బండి పిడిలో మందుగుండు వాసన పట్టే యంత్రం. ఊరి నడిమధ్య చెక్కల వేదిక, దాని మీద ఎర్ర రిబ్బను కట్టిన కొత్త చేతిపంపు. చుట్టూ మూడొందల మంది, పిల్లల చేతుల్లో కాగితపు జెండాలు. దాతలు నమూనాగా పంపిన, ఇంకా నేలలోకి దించని ఆ పంపుకి మూడు రోజులుగా నలుగురు మగవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని వంతులవారీగా కాపలా కాస్తున్నారు. కొత్త పెళ్ళికూతురికి కూడా ఆ ఊళ్ళో అంత కాపలా ఉండదు.

ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని బండి దగ్గరికొచ్చింది. అతని అక్క, పేరు త్రాన్సితో.

"మీసం నప్పలేదురా," అంది పెదవులు కదపకుండా.

"నేనెవరో నీకు తెలీదక్కా."

"తెలీదులే. పన్నెండేళ్ళు ఒకరికొకరు తెలీకుండానే బతికాం. ఒక్కటి చెప్పు. ఈ నీళ్ళు నిజంగా వస్తాయా?"

ఏటి నీళ్ళు తాగి ఆమె పిల్లలిద్దరు పోయారు. మిగిలింది ఈ పిల్ల ఒక్కతే.

"వస్తాయి," అన్నాడు. ఏ మిషన్‌లోనూ అతను ఇంత భయపడుతూ మాటివ్వలేదు.

వేదిక పక్కకి బండి తోయగానే పిడి జివ్వుమంది. బాంబు పంపు గొట్టంలోనే ఉంది.

పదీ అయిదుకి జీపు దిగింది ఇవెట్. తెల్ల సూటు, నల్ల కళ్ళద్దాలు, ఊరంతా వ్యాపించే సెంటు.

"తేనె ఉందా?"

"చింతపండే ఉంది."

గుర్తు కుదిరింది. ఆమె పౌడర్ డబ్బా తెరిచి ముక్కు అద్దుకుంటూ గొణిగింది. "గొట్టానికి సీలు వేశారు. విప్పాలంటే అరగంట. నీకు పది నిమిషాలే ఉన్నాయి."

"పంపు ఎత్తుకుపోనా?"

"ఆ కొడవళ్ళు చూశావా?"

చూశాడు. అందులో ఒకడు అతని మేనమామ. మూడొందల మందికి నచ్చజెప్పే టైము లేదు. బాంబని అరిస్తే ఆ మాట దాతల చెవిన పడుతుంది.

"దాతలు ఎంత దూరంలో ఉన్నారు?"

"రాత్రి వానకి రోడ్డు తెగింది. నేను నిన్న సాయంత్రమే ఆ చోటు దాటేశాను. వాళ్ళు హెలికాప్టర్‌లో వస్తున్నారు, కొండ అవతల తిరుగుతున్నారు. ఈ డబ్బాలో రేడియో ఉంది. వెనక్కి పొమ్మనమంటావా?"

యుద్ధంలో సైన్యం ఈ ఊరి మీద బాంబులు వేసింది హెలికాప్టర్ల నుంచే. ఈ ఊరి మీదికి హెలికాప్టర్‌ని తెద్దామని ఏ మహానుభావుడికి తోచిందో. ఆ చప్పుడు ఈ జనానికి ఏం చేస్తుందో అతనికి తెలుసు. పంపు దగ్గర ఒక్కరు మిగలరు. దాతలకి ఒక్కరు కనబడరు. అక్కకిచ్చిన మాట ఏమవుతుందో కూడా తెలుసు.

"రమ్మను," అన్నాడు. "ఊరి మీద కిందికంటా రెండు చుట్లు తిప్పి, ఆ తర్వాతే దింపమను."

"పిచ్చా నీకు?"

"నువ్వీ ఊరి దానివి కావు."

పదీ పదకొండుకి కొండ వెనక నుంచి చప్పుడు లేచింది. జెండాలు నేల రాలాయి. ఎవరూ అరవలేదు. తల్లులు పసిపిల్లల నోళ్ళు అరచేత్తో మూశారు, ముసలివాళ్ళని వీపులకెత్తుకున్నారు, యుద్ధంలో నేర్చిన దారినే, పైకి కనబడకుండా చెట్ల చాటున లోయలోకి జారిపోయారు. కాపలావాళ్ళూ కాళ్ళకు బుద్ధి చెప్పారు. నోల్బెర్తో కాళ్ళు కూడా వాటంతటవే పదడుగులు పరిగెత్తాయి. వాటిని బూతులు తిట్టి వెనక్కి తిప్పాడు.

ఐసు దిమ్మలు కింద పారేసి, పంపుని బండిలోకి లాగి, ఊరి చివర పాడుబడ్డ రాతి క్వారీ అంచుదాకా ఒగర్చుకుంటూ తోసి వదిలేశాడు. గడియారంలో ముల్లు పదింబావు మీదికొచ్చింది. అడుగున ఢామ్మంది. పైన రెక్కల మోతలో అది ఎవరికీ వినిపించలేదు.

దాతల చీఫ్ దిగాడు. ఎండకి ముక్కు ఎర్రబడ్డ మంచి మనిషి. ఖాళీ వేదిక కేసి చూశాడు.

"జనం ఏరీ?" ఇవెట్ అనువదించింది.

"వస్తారు సార్. పొద్దుగూకగానే వస్తారు. ఉండండి," అన్నాడు నోల్బెర్తో.

"ఒంటిగంటకి మాకు రాజధానిలో భోజనం ఉంది. మేం పంపిన పంపేదీ?"

నిజం చెబితే జిల్లాకి పదేళ్ళు ఎవరూ రారు. చెప్పకపోతే ఈ ఊరికి ఎప్పటికీ రారు. చీఫ్ అతని మౌనాన్ని జవాబనుకున్నాడు.

"అమ్మేసుకున్నారన్నమాట," అన్నాడు కోపం లేకుండా, నిజంగానే బాధపడుతూ.

చప్పుడు పోయిన తర్వాత కూడా చీకటి పడేదాకా కదలకూడదన్నది యుద్ధకాలపు నియమం. చీకటి పడ్డాకే ఒక్కొక్కరూ పైకొచ్చారు. త్రాన్సితో వేదిక దగ్గర నిలబడింది.

"వచ్చారా?"

"వచ్చి వెళ్ళిపోయారక్కా."

"తప్పు మాదేలే. కాళ్ళు మాట వినలేదు."

హెలికాప్టర్‌ని పిలిచింది నేనే అని చెప్పడానికి అతనికి అధికారం లేదు. ఉన్నా, చెప్పే ధైర్యం లేదు. ఆమె కుండ చంకనెత్తుకుని ఏటి దారి పట్టింది. అతను కళ్ళు తుడుచుకున్నాడు.

మిషన్ సక్సెస్ అని దొన్యా ఫిదెలీనా ఫైలు మూసేసింది. ఈ ఊరికి నీళ్ళ అవసరం ఉన్నట్టు కనబడలేదని దాతలు రిపోర్టు రాశారు. ఆ పథకం డబ్బుతో రాజధానిలోని పెద్ద హోటల్లో మూడు రోజుల సదస్సు పెట్టారు, ప్రజలు అభివృద్ధికి ఎందుకు ముందుకు రారు అనే విషయం మీద. భద్రతకి వేసింది ఏజెంట్ నోల్బెర్తోని. ప్రతి కుర్చీ ముందూ పెట్టిన సీలు వేసిన నీళ్ళ బాటిళ్ళని అతను ఒక్కొక్కటే తనిఖీ చేశాడు. నీళ్ళు స్వచ్ఛంగానే ఉన్నాయి.